నాడెను వెంటబెట్టుకుని కైగల్ దాకా

కుక్కను వెంటబెట్టుకుని తిరుపతికి పోయినవాళ్లు మా నగరి వీధిలో ఇంతవరకూ ఎవరూ లేరు. మేం పోయొచ్చాం. తిరుపతే కాదు, కాణిపాకం, చిత్తూరు, పలమనేరు దాటి కైగల్ జలపాతం దాకా నాలుగు రోజులు తిరిగొచ్చాం. పోయేటప్పుడు గడపల్లో నిలబడి నవ్వినవాళ్లే ఇప్పుడు మా అరుగు మీద కూర్చుని "ఏం జరిగింది వసంతా, సెప్పు" అంటున్నారు. వచ్చినవాళ్లందరికీ మొదటి నుంచీ చెప్పి నా గొంతు రాసుకుపోయింది. మాది మగ్గాల ఇల్లు, గుసగుసలాడినా మూడిళ్లకు వినబడుతుంది. ఆ చెప్పేదేదో రాసిపెడితే వీధికీ నాకూ మంచిదనిపించింది.

నగరిలో నెల రోజుల బడి

మా కుక్క పేరు నాడె. మగ్గంలో పోగును ఈ కొస నుంచి ఆ కొసకు మోసుకుపోయే చెక్కను నాడె అంటారు. మా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఎనిమిది మరమగ్గాలు ఆడేవి. ఆ కొసన మా ఆయన మునిరత్నం, ఈ కొసన నూలు చుట్టే మిషను దగ్గర నేను. ఒకసారి వానలో తడిసి వచ్చిన కుక్కపిల్ల ఒకటి మగ్గం కింద దూరి పడుకుంది, ఇక పోలేదు. పెద్దయ్యాక పొద్దస్తమానం ఆయన దగ్గరికీ నా దగ్గరికీ తిరుగుతుండేది. మధ్యాహ్నం నేను అన్నం గిన్నె మూత తీసే సమయానికి ఆయన వీపు ఇటు తిప్పి ఉంటే, ఇదే పోయి ఆయన మోకాలి వెనక మూతితో పొడిచి పిలుచుకొచ్చేది. అందుకే ఆ పేరు.

పోయిన ఆడి నెలలో, అదే ఆషాఢంలో, మగ్గాలు అమ్మేశాం. ఎందుకన్నది నగరిలో ఇంటింటికీ తెలిసిన కథే, మళ్లీ చెప్పను. ఇనుము కింద తూకానికి పోయాయి. లారీ కదిలిన రోజు నుంచి నాడె సరిగా తిండి తినలేదు. ఖాళీ షెడ్డులో నేల మీద మిగిలిన నూనె మరకలను ఒక్కొక్కటే వాసన చూసి బయటికి వచ్చేది, కాసేపాగి మళ్లీ పోయి చూసేది. దాన్నేమనగలం, మేమూ అదే పని చేశాం. ఇల్లంతా ఒక్కసారిగా సద్దుమణిగిపోయింది. ఇన్నేళ్లు కాపురం చేసిన మనుషులం, ఎదురెదురుగా కూర్చుంటే ఏం మాట్లాడుకోవాలో తెలియక ఆయన ఫోను చూసుకునేవాడు, నేను గోడ చూసేదాన్ని.

ఆయనకు శ్రీ సిటీలో ఒక కంపెనీ గోడౌనులో పని కుదిరింది. దగ్గర్లో సత్యవేడులో బాడుగిల్లు చూశాం. ఇంటామె నాడె ఫొటో చూసి మొహం చిట్లించింది. "పిలిస్తే వచ్చే కుక్కయితే తెచ్చుకోండి. పిలిచినా రాకుండా తిరిగేదయితే వద్దు తల్లీ, మా వీదిలో పసి పిలకాయలుండారు" అని తేల్చేసింది. న్యాయమైన మాటే. చిక్కేమిటంటే, మా నాడె పిలిస్తే రాదు.

పనిలో చేరేలోపు నాలుగు రోజులు ఎక్కడికైనా పోయొద్దామని అడిగింది నేనే. మగ్గాలున్నంతకాలం ఇద్దరం కలిసి ఊరు దాటి ఒక్క రాత్రి కూడా గడపలేదు. పెళ్లికైనా చావుకైనా ఒకరు పోతే ఇంకొకరు షెడ్డులో ఉండాల్సిందే. ఆయన ఒప్పుకున్నాడు గానీ మెలిక పెట్టాడు.

"నాడెనూ తోలుకుపోదాం. ఈ లోపల నేర్పిచ్చుకుందాం. పిలిస్తే వచ్చేది నేర్సుకున్నిందా, మనతో సత్యవేడుకు వస్తాది. లేదంటే వచ్చేటప్పుడు పుత్తూర్లో మన దామోదరం షెడ్డులో వదిలేస్తాము. ఆడన్నా మగ్గాలుండాయి."

దామోదరం ఆయనకు మేనమామ కొడుకు. మంచివాడే. అయినా మా ఇల్లు కాదు కదా.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు కదా, ముందు ఇంట్లోనే బడి పెట్టాం. మా వీధి చివర, మిలిటరీలో కుక్కలను చూసుకుని రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. ఆయన చెప్పిన పద్ధతి ఇది: "ఒకే మాట, ఒకే గొంతు. సేతులు ఆడిచ్చొద్దప్పా, వెనక్కి కట్టుకో. లేకుంటే అది నీ సేతిని సూస్తాది గానీ మాట ఇనదు."

మా ఆయన ఆ మాటను వేదంలా పట్టుకున్నాడు. రోజూ పొద్దున మిద్దె మీద నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, వెనక చేతిలో రస్కు ముక్క దాచుకుని "నాడే, రా!" అనేవాడు. నాడె ఆయన మొహంకేసి ఒకసారి, ఆకాశంకేసి ఒకసారి చూసి కాకుల వెంట పోయేది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉండేది. నెల గడిచేసరికి మా వీధిలో పిల్లలు, చేతులు వెనక్కి కట్టుకుని "రా" అనుకుంటూ ఆట ఒకటి కనిపెట్టారు. కుక్క మాత్రం అక్కడే ఉంది. ఆయనకు ఇంకా ఉక్రోషం తెప్పించిన సంగతేమిటంటే, నేను అన్నం గిన్నె చప్పుడు చేస్తే మాత్రం, తిన్నా తినకపోయినా, ఎక్కడున్నా వచ్చేది. "నువ్వు దాని సెవిలో ఏందో సెప్తా ఉండావు మే" అని నన్ను అనుమానించాడు. కుక్క చెవిలో చెప్పడానికి నా దగ్గరేం రహస్యాలుంటాయి?

వ్యాను మాత్రం తేలిగ్గా నేర్చుకుంది. నూలు మూటలు మోసిన మా పాత వ్యాను ఇంకా ఉంది, లోపలంతా గంజి వాసన. మొదట ఇంజను ఆపి ఎక్కిస్తే వణికిపోయింది. ఒకరోజు ఇంజను ఆడుతుండగా ఎక్కించాం. నేల మీద గడ్డం ఆనించి అరక్షణంలో నిద్రపోయింది. ఇంజను ఆపగానే లేచి కూర్చుంది. విచిత్రంగా ఉందే అనుకుని ఊరుకున్నాం.

పుత్తూరు, వడమాలపేట

కార్తీకంలో ఒక తెల్లవారుజామున బయలుదేరాం. వానలు పడి కొండలు పచ్చగా ఉన్నాయి. పుత్తూరులో దామోదరం ఇంటి ముందు ఆగి కాఫీ తాగుదామన్నాడు మా ఆయన. కాఫీ సాకు, మగ్గాల చప్పుడు వినాలని ఆయనకు ఆశ. వ్యాను తలుపు తీశానో లేదో, నాడె గొలుసుతో సహా దూకి షెడ్డులోకి పోయింది. పోయి చూస్తే మూడో మగ్గం కింద, దూది పేలికల్లో, వెల్లకిలా పడుకుని ఉంది. మూడు నెలల్లో దాన్ని అలా చూడలేదు.

దామోదరం నవ్వాడు. "సూస్తివా బావా, అడగాల్సిన పని లేదు. వచ్చేటప్పుడు వదిలేసిపోండి. నేను సూసుకుంటా."

ఇద్దరం చెరో పక్కా పట్టి దాన్ని లాక్కొచ్చాం. వ్యాను కదిలాక నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఏడుస్తున్నానని ఆయనకు తెలుసు.

వడమాలపేటలో రోడ్డు పక్క బంకులో ఇడ్లీ తిన్నాం. నాలుగు ఇడ్లీ నలభై రూపాయలు, శెనక్కాయ చట్నీ అడిగినంత. మా నగరిలో సాంబారు లేనిదే ఇడ్లీ గొంతు దిగదు. ఇక్కడ సాంబారు అడిగితే బంకామె నన్ను ఎగాదిగా చూసి, "అరవమా?" అంది. తెలుగేనని చెప్పాను. "మరి సట్నీతో తినేదానికేం?" అని ఇంకో గరిటె వేసింది. ఆ చట్నీ తిన్నాక సాంబారు సంగతి నిజంగానే మర్చిపోయాను.

తిరుపతి

తిరుపతిలో దేవుడు దొరికినంత తేలిగ్గా కుక్కకు గది దొరకదు. నాలుగు లాడ్జీల్లో మమ్మల్ని చూడగానే నవ్వి, నాడెను చూడగానే గదులు లేవన్నారు. చివరికి ఊరి అంచున గొడ్లున్న ఒక ఇంటిలో పెద్దావిడ ఒక గది ఇచ్చింది. మనుషులకు ఆరొందలు, కుక్కకు నూరు. కుక్కకు దేనికి నూరు అని మా ఆయన అడిగితే, "అది మంచం మీద పండుకుంటాదో, కిందనో నాకేం తెలుసు నాయనా" అంది.

సాయంత్రం ఆవిడే తలుపు తట్టింది. "ఏందిమ్మా కొట్లాట? కొండకొచ్చి ఎవరన్నా కొట్లాడుకుంటారా?" మేం కొట్లాడుకోవడం లేదు. పొద్దున ఎన్ని గంటలకు లేవాలో మాట్లాడుకుంటున్నాం. మగ్గాలవాళ్లమని చెప్పి నచ్చజెప్పాను. ఆవిడ పోయాక ఇద్దరం నవ్వుకున్నాం. చాలా రోజులకు నవ్వుకున్నాం.

అలిపిరి

కొండ మీదికి కుక్కతో పోలేం. ఆయనకు తలనీలాల మొక్కుంది. నేను నాడెతో కింద అలిపిరిలో ఉండిపోయాను. ఆయన మెట్ల వైపు నడుస్తుంటే అక్కడి నుంచే కొండకు దండం పెట్టుకున్నాను.

చెట్టు నీడలో నా పక్కన ఇంకో ఆమె కూర్చుంది. మదనపల్లె మనిషి, మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేక తన వాళ్లను పంపి కాచుకుని ఉంది. టమాటా వ్యాపారం, కోడలి వంట, బెంగళూరులో ఇంటి బాడుగలు, అన్నీ చెప్పింది. పులిహోర పొట్లం విప్పి నాకు సగం పెట్టింది. వాళ్ల పులిహోరలో శెనక్కాయలు చేతికి వచ్చినన్ని ఉంటాయి. మేం లెక్కపెట్టి వేస్తాం.

నాడెకు కూడా ఒక ముద్ద పెట్టబోయి, "పిలువమ్మా" అంది. చేతిలో పొట్లం పట్టుకునే పిలిచాను. అది బస్సులను చూస్తూ కూర్చుంది. మళ్లీ పిలిచాను. చెవి కూడా కదపలేదు.

"చెవుడేమో, సూపిచ్చినారా?"

నాకు రోషం వచ్చింది. స్టీలు మూతను దాని వెనక రాయి మీద పడేశాను. ఠక్కున తిరిగి చూసింది. చెవుడు లేదని ఆమెకు రుజువైంది. మరి నేను పిలిస్తే ఎందుకు తిరగలేదన్నది ఆమె అడగలేదు గానీ నాకు లోపల గుచ్చుకుంటూనే ఉంది.

సాయంత్రానికి ఆయన బస్సులో దిగివచ్చాడు. నున్నటి గుండు, దాని మీద గుప్పెడు చందనం, కొత్త పంచె. చేతిలో లడ్డూల సంచి. నేనే ఒక్క క్షణం తడబడ్డాను. నాడె అయితే వెంట్రుకలు నిక్కబొడిచి, నా కాళ్లకు అడ్డం నిలబడి గుర్రుమంది.

"రేయ్ నాడే, నేనురా!" అన్నాడు ఆయన.

ఇంకా గట్టిగా గుర్రుమంది. చుట్టూ ఉన్నవాళ్లు చూస్తున్నారు. మదనపల్లె ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన మళ్లీ మళ్లీ "నేనేరా" అంటున్నాడు. పాపం, ఆ గొంతులో కోపం కూడా లేదు. చివరికి సంచి నా చేతికిచ్చి, నుదుటి మీది చెమటను బొటనవేలితో ఒక్క గీత గీసి విదిలించాడు. షెడ్డులో రోజుకు వందసార్లు చేసే పని అది. అంతే, నాడె ఎగిరి ఆయన గుండెల మీద పడింది. పంచె నిండా మట్టి కాళ్లు.

"గొంతు గుర్తు లేదా దీనికి? ఇన్నేండ్లు సాకితిని గదమే" అన్నాడు వ్యానులో.

"గుండు, చందనం వాసన. అందుకే పోల్చుకోలేదు మామా" అన్నాను. గుండుకూ మోకాలికీ ముడి పెట్టానని తర్వాత తెలిసింది.

కాణిపాకం, చిత్తూరు, పలమనేరు

మూడోరోజు కాణిపాకం. ఈసారి నేను లోపలికి పోయాను, ఆయన బయట గొలుసు పట్టుకుని నిలబడ్డాడు. వినాయకుడి ముందు నిలబడి, సిగ్గు లేకుండా చెప్తున్నాను, నేను కుక్క కోసమే మొక్కుకున్నాను. దానికి పిలుపు నేర్పించు స్వామీ అన్నాను. ఎలుకను నడిపించేవాడివి, నీకు కుక్క ఒక లెక్కా అన్నాను.

చిత్తూరు దారిలో చెరకు బండ్లు ఎదురయ్యాయి. ఒకచోట బెల్లం వండుతుంటే ఆగాం. పెనంలో పాకం పొంగుతోంది, పక్కన చెరకు ఆడే ఇంజను డబడబమంటోంది. వాళ్లు చెరకు ముక్క మీద వేడి బెల్లం చుట్టి ఇచ్చారు. డబ్బు తీసుకోలేదు. "ఈడికొచ్చి తినినోళ్ల దగ్గర దుడ్లు తీసుకుంటే పాకం ఇరిగిపోతాదక్కా" అంది అక్కడి పిల్ల. మా ఊళ్లో ఎవరైనా షెడ్డుకొస్తే ఇలా లుంగీ చేతిలో పెట్టి పంపిన రోజులున్నాయి. ఆ సంగతి ఆయనతో అందామని తిరిగితే ఆయన నాడె కోసం వెతుకుతున్నాడు. అది ఇంజను పక్క చెరకు పిప్పిలో ముడుచుకుని పడుకుంది. లేపి తెచ్చేసరికి ఒళ్లంతా బెల్లం, బెల్లానికి చీమలు. పలమనేరులో దాన్ని కడగడానికే గంట పట్టింది.

పలమనేరులో చలి. రాగి సంగటి, నాటుకోడి పులుసు తిన్నాం. సంగటి ముద్దను నమలకుండా మింగాలని పక్క బల్ల ఆయన నాకు నేర్పించాడు. నమిలితే ముద్దకు అవమానమట. ఆ పూట మా ఆయన బయట దీపం కింద నాడెకు మళ్లీ పాఠం పెట్టాడు. చేతులు వెనక్కి, "రా". నాడె రాలేదు. ఆయన లోపలికి వచ్చి మంచం మీద కూర్చుని, నన్ను చూడకుండా అన్నాడు.

"రేపు కడా దినము వసంతా. రేపటికీ రాకుంటే పుత్తూరే. నువ్వు ఏడిస్తే నేను వదల్లేను. ఏడవబాక."

ఏడవనన్నాను. మాట తప్పాను.

కైగల్

పలమనేరు నుంచి కుప్పం పోయే దారిలో ఉంటుంది కైగల్. జలపాతం కనబడేకంటే ముందు వినబడుతుంది. వానలకు నిండుగా దూకుతోంది. మెట్లు దిగేకొద్దీ చప్పుడు పెరిగి, కింద బండల దగ్గరికి పోయేసరికి నా మాట నాకే వినబడలేదు. నాకు మాత్రం ఎక్కడో మా షెడ్డులోకి అడుగుపెట్టినట్టు అనిపించింది.

పైన శెనక్కాయలు ఉడికించి అమ్మే ఆయన ముందే చెప్పాడు. "పొద్దు వాలకముందే పైకొచ్చేయండప్పా. ఏనుగులు నీళ్లకు దిగుతాయి. కుక్కను వదలబాకండి, మొరిగితే వాటికి కోపం."

అయినా మా ఆయన గొలుసు విప్పాడు. కడపటి పరీక్ష కదా. నేను చేయి పట్టుకుని ఆపేలోపే నాడె బండల మీద బండలు దాటి, మడుగు అవతల, నీళ్లు దూకే చోటికి దగ్గర్లో ఒక పలక మీద కాళ్లు చాచి పడుకుంది. పుత్తూరు షెడ్డులో పడుకున్నట్టే, పొట్ట పైకి.

ఆయన బండ మీద నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని పిలిచాడు. నోరు తెరుచుకోవడం కనబడుతోంది, మాట వినబడటం లేదు. మళ్లీ పిలిచాడు. మెడ నరాలు ఉబ్బాయి. నాడె తల ఎత్తి ఆయన్ను చూసింది, మళ్లీ దించింది. దాటి పోదామంటే బండలు పాచి పట్టి జారుతున్నాయి. ఒక అడుగు వేసి పడబోయి నిలదొక్కుకున్నాడు. పొద్దు కొండ అంచుకేసి దిగుతోంది. ఏనుగులు, నీళ్లు, అవతల కుక్క. చివరికి ఆయన పిలవడం మానేసి, నాకు దూరంగా, నీళ్లకేసి తిరిగి కూలబడ్డాడు. కట్టుకున్న చేతులు విప్పి ఒళ్లో వేసుకున్నాడు. మగ్గాల లారీ పోయిన రోజు కూడా అలాగే కూర్చున్నాడు.

ఆ మనిషి పొద్దున్నుంచి ఏమీ తినలేదు. సంచిలో పెరుగన్నం ఉంది. ఏదో ఒకటి తింటే ఆలోచన వస్తుందనుకున్నాను. పిలిస్తే వినబడదు. ఆయన తల ఇటు తిప్పగానే, నేను ఆలోచించకుండానే నా కుడిచేయి లేచింది. అయిదు వేళ్లూ ముడిచి నోటి దగ్గర రెండుసార్లు ఆడించి, అరచేయి నా వైపుకు లాగాను. అన్నం తిందువు రా అని. షెడ్డులో ఇన్నేళ్లు రోజూ చేసిన సైగ. మగ్గాలు పోయినాక మళ్లీ చేయనేలేదు.

ఆయన లేచాడు. ఆయన కంటే ముందు అవతలి బండ మీద నాడె లేచింది. నీళ్లలోకి దూకి, ఈది, బండ మీద నుంచి బండ మీదికి గెంతుతూ వచ్చి నా ముందు నిలబడి ఒళ్లు విదిలించింది. మా ఇద్దరినీ తడిపేసింది.

ఆయన నన్ను చూశాడు, నా చేతిని చూశాడు. అరచేయి చాపి ఆగమన్నట్టు పెట్టాడు. నాడె ఆగిపోయింది. చేతిని కిందికి నొక్కాడు, మగ్గం ఆపమని నాకు చెప్పే సైగ. నాడె కూర్చుంది. పది అడుగులు వెనక్కి పోయి వేళ్లు ముడిచి రమ్మన్నాడు. పరుగెత్తుకుంటూ పోయింది. ఆయన దాని మెడ చుట్టూ చేతులు వేసి మొహం దాచుకున్నాడు. చందనం ఆరిన గుండు మాత్రం నాకు కనబడుతోంది, వణుకుతూ.

మా షెడ్డులో ఎవరి గొంతూ ఎవరికీ వినబడేది కాదు. పోగు తెగితే మణికట్టు తిప్పుతాం, కండెలో నూలు అయిపోతే వేలు సున్నా చుడతాం, కోపమొస్తే కూడా చేత్తోనే. ఆ కుక్క పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి మా చేతులనే విన్నది. మేం దాన్ని నోటితో పిలిచింది ఎప్పుడు గనక? దాని పేరు కూడా మేం అనుకున్న పేరే, దానికి తెలిసిన పేరు కాదు. చేతులు కట్టేసుకుని నెల రోజులు పిలిచాం. మా ఇద్దరి సంగతీ అంతేనని అప్పుడే తట్టింది. మగ్గాలు పోయినాక మేం ఒకరితో ఒకరం మాట్లాడుకోలేకపోయింది అందుకే. మాకు నోటితో మాట్లాడుకోవడం అలవాటు లేదు.

జలపాతం పక్కన పెరుగన్నం తింటూ అరగంట సేపు చేతులతో మాట్లాడుకున్నాం. ఉప్పు తక్కువైందని చెప్పాడు. నీ గుండుకు మీగడ రాస్తే సరి అన్నాను. ఒక అమ్మాయి, కాలేజీ పిల్ల, మమ్మల్ని చూసి మూగవాళ్లనుకుందేమో, తన దగ్గరున్న అరటిపళ్లు రెండు ఎంతో దయగా నా చేతిలో పెట్టి పోయింది. అవి తిన్నాం.

పైకెక్కాక శెనక్కాయల ఆయన అన్నాడు, "కుక్క బలే మాట ఇంటాదే!"

"మాట ఇనదప్పా" అన్నాడు మా ఆయన, గొలుసు చుట్టి జేబులో పెట్టుకుంటూ.

మళ్లీ పుత్తూరు

చిత్తూరు మీదుగా పుత్తూరు వచ్చేసరికి బాగా రాత్రయింది. వడమాలపేట వైపు తిరగలేదు. ఇక ఆగే పని లేదనుకున్నాను. దామోదరం ఇంటి సందు దగ్గర ఆయన వ్యాను ఆపాడు.

"పిలిస్తే వస్తాది, నిజమే. కానీ ఆ సద్దులో అది ఎట్ల పండుకున్నిందో సూసినావు గదా. మనకోసరం దాన్ని సప్పుడు లేని ఇంట్లో పెట్టి మాడ్చాల్నా? దాన్నే అడుగుదాం వసంతా."

కాదనలేకపోయాను. ఆయన మాటలో ధర్మం ఉంది, దాని మీద నాకు కోపం ఉంది. తలుపు తీశాను. నాడె దిగి నేరుగా షెడ్డులోకి పోయి, అదే మూడో మగ్గం కింద పడుకుంది. కళ్లు మూసుకుంది. ఆయన దాని వెనకే లోపలికి పోయాడు. నేను గుమ్మం దగ్గర నిలబడిపోయాను.

దామోదరం భార్య ఇంట్లో ఆకులేసింది. దోసెలు పోస్తున్న వాసన వస్తోంది. లోపల నాలుగో మగ్గంలో పోగు తెగింది. దామోదరం కదిలేలోపే మా ఆయన మగ్గం ఆపి, తెగిన కొస వెతికి, వేళ్లతో ముడివేసి, మగ్గం తిప్పాడు. తిప్పి అక్కడే నిలబడ్డాడు, చేయి మగ్గం మీద పెట్టి, వీపు నాకు తిప్పి. ఎంతసేపైనా కదల్లేదు. నాడె వదలదేమో అనుకుని వచ్చాం. వదలలేనిది ఈయన. ఆయన్ను ఆ షెడ్డులో అలా చూస్తుంటే, మా ఎనిమిది మగ్గాలూ మళ్లీ ఆడుతున్నట్టు, నేను కాస్త ఆగితే చాలు ఏదీ పోనట్టు అనిపించింది. ఆగాలనే అనిపించింది.

దామోదరం తాడు పట్టుకుని వచ్చాడు, నాడెను కట్టడానికి.

నేను వేళ్లు ముడిచి, నోటి దగ్గర రెండుసార్లు ఆడించి, అరచేయి నా వైపుకు లాగాను. ఆయన చూడలేదు. వీపు ఇటుంది కదా.

మగ్గం కింద ఒక కన్ను తెరుచుకుంది. నాడె లేచి ఒళ్లు విరుచుకుంది. నా దగ్గరికి రాలేదు. దామోదరాన్ని దాటుకుని, నాలుగో మగ్గం దగ్గరికి పోయి, మా ఆయన మోకాలి వెనక మూతితో పొడిచింది.

ఆయన కుక్కను చూడలేదు. ఇన్నేళ్లూ చేసినట్టే, నేరుగా గుమ్మంలో ఉన్న నన్ను చూశాడు. నా చేయి ఇంకా అక్కడే ఉంది. మగ్గం మీది నుంచి చేయి తీసి, దామోదరం తాడును చూసి అడ్డంగా ఒక్కసారి ఊపాడు. దోసెలు తిన్నాం, నాడెకు రెండు పెట్టాం, రెండూ తినేసింది. వ్యాను తలుపు తీస్తే ముందు అదే ఎక్కింది.